పై పోర్షన్ అద్దె, పాత అప్పు

కాకినాడ నుంచి ఒకావిడ రాశారు. భర్తకి హైదరాబాద్ నానక్‌రాంగూడలో కొత్త ఉద్యోగం వచ్చింది. రెండు నెలలుగా వనస్థలిపురంలో అక్కగారింట్లో ఉండి వెళ్లొస్తున్నారు. తమ పై పోర్షన్ ఖాళీగానే ఉంది, 10 వేలిస్తే చాలు, పరాయివాళ్లకి 28 వేలు పొయ్యడమెందుకని వదినగారి మాట. కూతురింట్లోనే ఉండొచ్చని అత్తగారి సంబరం. అది కుదరదంటే బాబు పదో తరగతి అయ్యేదాకా కాకినాడలోనే ఉండమంటున్నారట ఆయన. బాబు జూన్‌లో తొమ్మిదికి వస్తాడు, పాప ఐదుకి. "ఆఫీసు దగ్గర ఏ ఏరియాలో చూసుకోవాలి? రెండు బెడ్‌రూములా, మూడా?" అని అడిగారు.

రెండు చాలు. నల్లగండ్ల, చందానగర్ వైపు చూడండి. మీ ప్రశ్నకి జవాబు అయిపోయింది.

ఇంత పొడుగు ఉత్తరంలో చివరికొచ్చాక ఒక్క ముక్క రాశారు: 2021లో ఆయన ఉద్యోగం పోయినప్పుడు వదినే 4 లక్షలు సర్దింది, ఇప్పటికీ ఇవ్వలేదు, ఆ మాట ఇంట్లో ఎవరూ ఎత్తరు. మీ ఇల్లు ఆగింది అక్కడే. వదినగారిని నేనేమీ అనను. ఆపదలో ఆదుకున్న మనిషి, తమ్ముడు కళ్లముందు ఉండాలనుకోవడంలో తప్పులేదు. అక్కకి బాకీ ఉన్నది డబ్బు. మీ ఆయన దాన్ని మొహమాటంతో తీరుద్దామనుకుంటున్నారు, అదీ మీ చేత, పిల్లల చేత.

ఒక చిన్న లెక్క ఆయన ముందు పెట్టండి. పై పోర్షన్‌కి నెలకి 10 వేలు కడితే 40 నెలల్లో 4 లక్షలు అక్కగారి చేతికి వెళ్తాయి, అప్పు మాత్రం పైసా తగ్గదు. అదే 10 వేలు అప్పు కింద కడితే 40 నెలలకి తీరిపోతుంది, ఆ తర్వాత అక్కా తమ్ముడూ మళ్లీ అక్కా తమ్ముడే. మూడు బెడ్‌రూములు వద్దన్నది ఇందుకే. హాల్లో బాబుకో దివాన్ వేస్తే గడిచిపోతుంది. ఆ మిగులు బాకీకి పోవాలి.

వనస్థలిపురం నుంచి ఎల్బీనగర్ వచ్చి మెట్రో ఎక్కాలి. అమీర్‌పేటలో మారాలి, రాయదుర్గంలో దిగాలి. మెట్రో అక్కడితో ఆఖరు, నానక్‌రాంగూడకి మళ్లీ బస్సో ఆటోనో చూసుకోవాలి. పోను రెండు గంటలు, రాను రెండు గంటలు. రెండు నెలలు చెయ్యొచ్చు, రెండేళ్లు చెయ్యలేరు. ఏడాదికల్లా ఆయనే ఇల్లు మారదామంటారు, అప్పటికి బాబు పదో తరగతిలో ఉంటాడు. పదిలో స్కూలు మార్చడం ఎవరూ కోరి చెయ్యరు.

ఇక కాకినాడలో ఆగిపోవడం. తెలంగాణలో ఇంజనీరింగ్, మెడికల్ సీట్లకి లోకల్ కింద లెక్కేసేటప్పుడు ముఖ్యంగా చూసేది ఇంటర్ రెండో ఏడుతో ముగిసే వరస నాలుగేళ్ల చదువు. తొమ్మిదిలో చేరితే బాబుకి ఆ నాలుగూ సరిపోతాయి. పది అయ్యాక వస్తే మిగిలేవి రెండే. కాబట్టి వచ్చేదేదో ఈ జూన్‌కే రావాలి. టీసీ మీద విద్యాధికారి సంతకం కొన్ని స్కూళ్లు అడుగుతాయి. కాకినాడలో ఉండగానే చేయించండి. స్టడీ సర్టిఫికెట్లన్నీ తీసుకోండి, పిల్లలకి స్కూల్లో ఇచ్చే శాశ్వత విద్యా సంఖ్య, అదే పెన్ నంబరు, రాయించుకోండి.

ముందు స్కూలు, తర్వాత ఇల్లు. ఎండాకాలంలోనే వెతకండి. వాచ్‌మన్‌ని అడిగితే రోజుకి ఎన్ని నీళ్ల ట్యాంకర్లు వస్తున్నాయో ఉన్నది ఉన్నట్టు చెప్తాడు, ఓనరు చెప్పడు. మంజీరా నీళ్లు, అంటే నల్లా నీళ్లు, వంటింట్లోకి వస్తున్నాయా, కరెంటు పోతే లిఫ్టుకి జనరేటర్ ఉందా అన్నది అత్తగారి కోసం కనుక్కోండి. రెండు నెలల అడ్వాన్సు, బ్రోకరుంటే ఒక నెల అద్దె చేతిలో ఉంచుకోండి. మెయింటెనెన్స్ అద్దెలోనా, విడిగానా? ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఎంత పట్టుకుంటారు? ఇవి 11 నెలల అగ్రిమెంటులో రాయించండి. నోటి మాటలు అడ్వాన్సు తిరిగిచ్చే రోజున ఎవరికీ గుర్తుండవు.

అత్తగారు నెలలో పది రోజులు కూతురి దగ్గర ఉంటానంటే సంతోషంగా పంపండి. ఆవిడకి కావలసింది పై పోర్షన్ కాదు, కూతురు.

వదినగారితో మీరు మాట్లాడొద్దు, ఫోన్లో కూడా వద్దు. మీరు నోరు విప్పితే అది కోడలు తెచ్చిన తగువవుతుంది. ఈ ఆదివారం ఆయన ఒక్కరే అక్క ముందు కూర్చుని, "అక్కా, ఆఫీసు దగ్గర ఇల్లు తీసుకుంటున్నాం, నీ 4 లక్షలు ఈ నెల నుంచి ఇస్తాను" అనాలి. మొదటి 10 వేలు జేబులో పెట్టుకుని వెళ్లమనండి.