గడువు దాటిన పాలసీ, నూటికి మూడు రూపాయల వడ్డీ

ప్రశ్న: నాకు 44 ఏళ్ళు. మిర్యాలగూడలో రైసు మిల్లు గుమాస్తాను. ఇంటిల్లిపాదికీ 5 లక్షల ఆరోగ్య బీమా ఉండేది. ఆరేళ్ళుగా ఏటా 22,000 కట్టాను. ఫోను నంబరు మారడంతో ఈసారి రెన్యువల్ సందేశం అందలేదు. గడువు దాటి రెండు నెలలైందని నా భార్యకు పిత్తాశయంలో రాళ్ళ ఆపరేషన్ అప్పుడే తెలిసింది. నూటికి మూడు రూపాయల వడ్డీకి 1,80,000 తెచ్చాను. ఆమెకు నాలుగేళ్ళుగా షుగర్. ఇంట్లో ఆరు తులాల బంగారం ఉంది, ఒక చిట్టీ నడుస్తోంది. చిట్టీ పాడి అప్పు తీర్చి, ఆ తర్వాత కొత్త పాలసీ తీసుకోనా?

జవాబు: అప్పు తీరేదాకా ఆగవద్దు. పాలసీ ఈ నెలలోనే తీసుకోండి.

ఆపరేషన్ ఖర్చు కన్నా పెద్ద నష్టం మీకింకా కనిపించలేదు. విడవకుండా ఐదేళ్ళు కట్టిన పాలసీలో, మోసం రుజువైతే తప్ప, పాత జబ్బు చెప్పలేదంటూ క్లెయిమ్ తిరస్కరించడానికి వీల్లేదు. అంతకుముందు ఎనిమిదేళ్ళున్న ఈ నిబంధనను 2024లో ఐదేళ్ళకు తగ్గించారు. మీరు ఆ ఐదేళ్ళూ దాటారు. ఇప్పుడు లెక్క మళ్ళీ మొదటి రోజు నుంచి. మీ భార్య షుగర్ పాలసీ తీసుకున్నాక బయటపడింది. కొత్త పాలసీలో అదే ముందునుంచీ ఉన్న జబ్బవుతుంది, మూడేళ్ళ దాకా వెయిటింగ్ పీరియడ్ (ఆ జబ్బుకు క్లెయిమ్ రాని కాలం) పెట్టవచ్చు. మీరు ఆలస్యం చేసే ప్రతి నెలా ఆ మూడేళ్ళ ముగింపును దూరం జరుపుతుంది.

ఏడాది ప్రీమియానికి గడువు తర్వాత 30 రోజుల వెసులుబాటు ఉంటుంది. అప్పటికి కడితే పాత హక్కులు నిలుస్తాయి, కానీ కట్టని రోజుల్లో వచ్చిన జబ్బుకు పైసా రాదు. మీరు అదీ దాటారు. పాత పాలసీనే కొనసాగించమని కంపెనీకి ఒక లేఖ ఇచ్చి చూడండి. ఒప్పుకోకపోతే వెంటనే కొత్తది.

ఇక ఆ అప్పు. నెలకు 5,400, ఏడాదికి 64,800 వడ్డీ. అంటే దాదాపు మూడేళ్ళ ప్రీమియం! బీరువాలో బంగారం పెట్టుకుని నూటికి మూడుకు ఎందుకు వెళ్ళారు? బ్యాంకులో నగలు కుదువ పెడితే సాధారణంగా నెలకు రూపాయి లోపే పడుతుంది. ఈ వారమే మార్చండి. చిట్టీ జోలికి పోవద్దు, ఇప్పుడు పాడితే వదులుకునేదే ఎక్కువ.

కాగితాల సంగతి మీరు అడగలేదు, కానీ కొత్త దరఖాస్తులో షుగర్ ఎప్పుడు తేలిందో, ఏ మందులు వాడుతున్నారో రాయాలి. ఆసుపత్రిలో చేరేటప్పుడు డాక్టరు ‘షుగర్ ఎన్నాళ్ళుగా?’ అని అడుగుతారు. కంగారులో వెంట వచ్చిన బంధువు ‘పదేళ్ళుగా’ అంటాడు. ఆ మాట కేసుషీటులోకి, అక్కడి నుంచి డిశ్చార్జి సమ్మరీలోకి ఎక్కుతుంది. తర్వాత బీమా కంపెనీ పట్టుకునేది దాన్నే. షుగర్ మొదటిసారి తేలిన నాటి రక్తపరీక్ష రిపోర్టు, మందుల చీటీ చేతిలో ఉంటే అక్కడికక్కడే సరిచేయించవచ్చు. అందుకే సమ్మరీ చదవకుండా ఆసుపత్రి గడప దాటవద్దు. మనిషికొక ఫైలు పెట్టి, కాగితాలు తేదీల వరుసలో ఉంచండి. వాటి ఫొటోలు భార్యాభర్తలిద్దరి ఫోన్లలోనూ ఉండాలి. ఈసీజీ కాగితం మీద గీతలు కొన్నేళ్ళకు వెలిసిపోతాయి, దాన్ని వచ్చిన రోజే ఫొటో తీయండి. ఆరోగ్య రికార్డులను ఆన్‌లైన్‌లో ఒకచోట చేర్చుకోవడానికి ప్రభుత్వం ఇచ్చే 14 అంకెల ఆభా సంఖ్య తీసుకోండి, అలాగని ఫైలు పారేయవద్దు.

కొత్త పాలసీ రాగానే కంపెనీ దగ్గర ఇప్పటి నంబరు, ఈమెయిలు సరిచూడండి. గడువు తేదీతో పాటు దానికి రెండు నెలల ముందు తేదీని కూడా గోడ క్యాలెండరు మీద ఎర్ర సిరాతో రాయండి, మీ ఆవిడ ఫోనులో కూడా గుర్తు పెట్టించండి. నెలకు 2,000 వేరే ఖాతాలో వేస్తే ప్రీమియం వేళకు అప్పు వెతుక్కోనక్కర్లేదు. ప్రధానమంత్రి జీవన్ జ్యోతి బీమా ఉంటే మే నెలాఖరుకు ఖాతాలో 436 రూపాయలు ఉంచండి.

తెల్ల రేషన్ కార్డు ఉంటే జాబితాలోని చికిత్సలకు ఆరోగ్యశ్రీ 10 లక్షల దాకా ఆదుకుంటుంది. అయినా సొంత పాలసీ మానవద్దు. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత ఆరోగ్య బీమాపై జీఎస్టీ కూడా లేదు. దరఖాస్తులో షుగర్ రాయవద్దని ఏ ఏజెంటైనా చెబితే అతని దగ్గర పాలసీ తీసుకోవద్దు.