కరెంట్ షాక్ ప్రయోగం తర్వాత స్టాన్లీ మిల్‌గ్రామ్ ఏం చేశాడు?

పైవాడు ఆదేశిస్తే మనుషులు ఇంకొకరికి కరెంట్ షాక్ ఇవ్వడానికి కూడా సిద్ధపడతారా అని ఉత్తుత్తి షాకులతో పరీక్షించిన ఈ అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త, ఆ తర్వాత మామూలు మనుషులు రోజూ ఒకరితో ఒకరు ఎలా మెలుగుతారో పరిశీలించాడు, ముఖ్యంగా 1967లో న్యూయార్క్ సిటీ యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా చేరినప్పటి నుంచి 1984లో చనిపోయేదాకా. నలుగురిలో ఉన్నప్పుడు మనం పాటించే నియమాలు ఎక్కడా రాసి ఉండవు, ఎవరో ఒకరు వాటిని దాటితే తప్ప అవెంత బలమైనవో బయటపడదు, అందుకే ఆయన కావాలనే దాటించి చూశాడు.

1970ల మొదట్లో తన విద్యార్థుల్ని న్యూయార్క్ సబ్‌వే (భూగర్భ) రైళ్లు ఎక్కించి, ఏ కారణమూ చెప్పకుండా "మీ సీటు నాకిస్తారా?" అని అడగమన్నాడు. దాదాపు 68 శాతం మంది లేచో, పక్కకు జరిగో చోటిచ్చారు.

ఇది ప్రయాణికుల మంచితనాన్ని కొలిచిన ప్రయోగమని చాలామంది అనుకుంటారు. కాదు. ఇందులో నిజంగా విలువైన సంగతి అడిగినవాళ్ల వైపు ఉంది: వాళ్లకి విపరీతమైన టెన్షన్, కొందరికి నోరే పెగల్లేదు. స్వయంగా అడగబోయిన మిల్‌గ్రామ్‌కే మాట గొంతులో ఆగిపోయింది, ఎలాగో అడిగి కూర్చున్నాక తన కోరిక సబబే అనిపించేలా కనబడాలన్న ఒత్తిడితో తల మోకాళ్ల మధ్య పెట్టుకున్నాడు, ముఖం పాలిపోయింది, అందులో నటన ఏమీ లేదు.