నెబోష్ డిప్లొమా పాసైతే రిజిస్టర్డ్ సేఫ్టీ మేనేజర్ అయినట్టేనా?

కాదండీ. నెబోష్ అనేది పనిచోట భద్రత మీద పరీక్షలు పెట్టే బ్రిటన్ బోర్డు. పరీక్ష పెట్టి సర్టిఫికెట్ ఇస్తుంది, అక్కడితో దాని పని అయిపోతుంది. వృత్తిపరమైన హోదా ఇచ్చే సంస్థలు వేరు: సేఫ్టీవాళ్ల బ్రిటన్ సంఘం ఐయోష్ సభ్యత్వం ఇస్తుంది, అమెరికాలోని బీసీఎస్‌పీ బోర్డు సీఎస్‌పీ (సర్టిఫైడ్ సేఫ్టీ ప్రొఫెషనల్) ఇస్తుంది. చట్టం అడిగే ప్రభుత్వ లైసెన్సు ఎక్కడైనా ఉంటే అది ఇంకో దారి, దానికి ఇవి బదులు కావు.

సీఎస్‌పీకి డిగ్రీ కావాలి. ఏఎస్‌పీ (బీసీఎస్‌పీదే, సీఎస్‌పీకి ముందు మెట్టు) లేదా నెబోష్ ఇంటర్నేషనల్ డిప్లొమా లాంటి, బోర్డు ఒప్పుకునే అర్హత ఒకటి ముందే చేతిలో ఉండాలి. ఆపైన నాలుగేళ్ల అనుభవం. చాలామంది బోల్తాపడేది ఈ అనుభవం దగ్గరే. ఉద్యోగంలో కనీసం సగం సేఫ్టీ పనే అయ్యుండాలి, అదీ ప్రమాదాన్ని ముందే ఆపే పని. ప్రొడక్షన్ చూసుకుంటూ మధ్యమధ్యలో సేఫ్టీ రౌండ్లు వేసిన పదేళ్లు ఇక్కడ అక్కరకు రావు.

ఆ అనుభవాన్ని రాసే తీరు ఇంకా ఘోరం. "ట్యాంకు ఎంట్రీ పర్మిట్లు (మనిషి ట్యాంకులోకి దిగడానికి ఇచ్చే అనుమతులు) పర్యవేక్షించాను" అంటే ఎవరికేం అర్థమవుతుంది? మనిషి దిగకముందు పైన, మధ్యలో, అడుగున మూడుచోట్లా గ్యాస్ కొలిపించాను, ఎందుకంటే బరువైన గ్యాస్ అడుగున పేరుకుంటుంది అని రాయండి. కొలిచే వరుస: ముందు ఆక్సిజన్, తర్వాత మండే గ్యాస్, ఆఖర్న విషవాయువు. ఈ వరుస ఎందుకో కూడా చెప్పగలగాలి: ఆక్సిజన్ తక్కువైతే మండే గ్యాస్ కొలిచే క్యాటలిటిక్ సెన్సర్ తప్పు రీడింగ్ చూపిస్తుంది. ఆక్సిజన్ 19.5 శాతం కంటే తగ్గినా, 23.5 దాటినా, మండే గ్యాస్ ఎల్‌ఈఎల్‌లో (గాలిలో గ్యాస్ అంటుకోవడానికి కావలసిన కనీస మోతాదులో) 10 శాతం దాటినా పర్మిట్ ఆపాను అనండి. చార్టర్డ్ సభ్యత్వం (ఐయోష్‌లో పై స్థాయి) కోసం ఐయోష్ పెట్టే ఇంటర్వ్యూలో ఎదురుగా కూర్చునేది తోటి సేఫ్టీవాళ్లే. ఇంత వివరం లేకపోతే ఇట్టే పట్టేస్తారు.

రెండ్రోజుల కోర్సుల సర్టిఫికెట్లు పాతిక పోగేసి అదే అర్హత అనుకోవడం చూస్తే బాధేస్తుంది. ఆ డబ్బూ సమయమూ ఒక్క డిప్లొమా మీద పెట్టండి.

ఇంకో సంగతి. నెబోష్ సర్టిఫికెట్‌కు గడువు లేదు, సీఎస్‌పీకి ఉంది. ఏటా రుసుం కట్టాలి, ఐదేళ్లకోసారి శిక్షణ, సదస్సుల లాంటి వాటితో వచ్చిన 25 పాయింట్లు చూపించాలి. ఐదో ఏట కాగితాల కోసం వెతికితే సగం దొరకవు. శిక్షణకు వెళ్లినా, సదస్సులో మాట్లాడినా తేదీ, గంటలు, రుజువు ఆ వారమే ఫైల్లో పెట్టేయండి.