ఆర్మీ సర్వీస్ కోర్‌లో చేసిన ఉద్యోగం బయట అక్కరకు వస్తుందా?

అగ్నివీర్‌గా, సైన్యానికి తిండి, ఇంధనం, రవాణా సమకూర్చే ఆర్మీ సర్వీస్ కోర్‌కు ఎంపికైన మీ తమ్ముడు చేయబోయేది అసలు సైనికుడి పనేనా, బయటికి వచ్చాక ఆ అనుభవానికి లాజిస్టిక్స్ కంపెనీల్లో విలువ ఉంటుందా అని అడిగారు. అదే కోర్‌లో సుబేదారుగా పదవీ విరమణ చేసినవాణ్ణి. మొదటి ప్రశ్నకు నా జవాబు అవుననే, అందులో సందేహానికి తావు లేదు, రెండోదానికి జవాబు మాత్రం కాస్త చేదుగా ఉంటుంది. మా బంధువుల్లో కొందరు నన్ను ఈనాటికీ "మిలిటరీలో లారీ డ్రైవరు" అనే పరిచయం చేస్తారు. డ్రైవరు పనిని చులకన చేయడం ఒక తప్పయితే, మా పని అంతా స్టీరింగు తిప్పడమే అనుకోవడం మరో తప్పు.

నేను లద్దాఖ్‌లో ఉన్న రోజుల్లో శ్రీనగర్–లేహ్ రోడ్డు చలికాలమంతా మూతపడి, ఏప్రిల్‌లోనో మేలోనో మళ్ళీ తెరుచుకునేది. అందువల్ల జనవరిలో కొండల మీది ఒక సైనిక పోస్టులో వెలగవలసిన స్టవ్వుకు కిరోసిన్ సెప్టెంబరు, అక్టోబరు నెలల్లోనే సుమారు 11,500 అడుగుల ఎత్తున్న జోజిలా కనుమ దాటి ఉండాలి. పోస్టులో ఎందరుంటారు, మనిషికి రోజుకు ఎంత కావాలి, రోడ్డు ఎన్నాళ్ళు ఉండదు, దారిలో ఎంత పాడవుతుంది అనేవన్నీ కలుపుకుంటూ, పోస్టు నుంచి వెనక్కి డిపో దాకా లెక్క వేసుకుంటూ రావాలి. 200 లీటర్ల పీపా లారీ ఎక్కుతుంది గాని కంచర గాడిద వీపు ఎక్కదు. కాబట్టి రోడ్డు ఆగిపోయే చోట దాన్ని 20 లీటర్ల జెర్రికాన్లలోకి మార్చాలి, ఆ ఖాళీ జెర్రికాన్లు అంతకుముందే అక్కడికి చేరి ఉండాలి. ఇవన్నీ ఎవరికీ కనబడని లెక్కలు.

ఒక అక్టోబరు చివర మా కాన్వాయ్ సోన్‌మార్గ్ దగ్గర, కనుమకు ఇవతలే నిలిచిపోయింది. పైన కనుమలో విపరీతంగా మంచు పడిందని, సరిహద్దు రోడ్ల సంస్థ వాళ్ళు డోజర్లతో దారి తీస్తున్నారని, తెరిచినా ముందు కొన్ని బండ్లనే వదిలి ఆ తరువాత అటునుంచి వచ్చేవాటికి వంతు ఇస్తారని ట్రాఫిక్ పోస్టు నుంచి రాత్రి కబురు వచ్చింది. మా వరుసలో ముందు బంగాళాదుంపలు, కోడిగుడ్లు ఎక్కించిన బండ్లు, చివర కిరోసిన్ బండ్లు ఉన్నాయి. కాన్వాయ్ బాధ్యత చూస్తున్న హర్యానా సుబేదారు సాబ్ టార్చిలైటు పట్టుకుని వరుస చివరిదాకా నడిచి వచ్చి, కిరోసిన్ బండ్లన్నిటినీ ముందుకు తెమ్మన్నారు. ఆ చలిలో, ఆ ఇరుకు రోడ్డు మీద, ఒక్కో బండిని వెనక్కి తీసి మరోదానికి దారి ఇవ్వడమంటే మాటలు కాదు. విజయనగరం నుంచి వచ్చిన ఒక కుర్ర డ్రైవరు ఉండబట్టలేక, "సాబ్, దుంప గడ్డకడితే నల్లబడి పారబోయడానికే పనికొస్తుంది, కిరోసిన్ వారం ఆగినా చెడదు కదా" అన్నాడు. దుంపలు రాకపోతే జవాను డబ్బా కూర తిని బతుకుతాడు, కిరోసిన్ రాకపోతే వాడికి నీళ్ళు ఎక్కడివి అని సాబ్ ఎదురు ప్రశ్న వేశారు. పైన పోస్టుల్లో కుళాయిలు ఉండవు, మంచును స్టవ్వు మీద కరిగించుకుంటేనే తాగడానికైనా వండుకోవడానికైనా నీరు.

మరునాడు గేటు తెరిచిన కాస్త వ్యవధిలో కిరోసిన్ బండ్లు దాటగలిగాయి, దుంపల బండ్లు ఇవతలే ఉండిపోయాయి. పాడైన దుంపలకు సంజాయిషీ కాగితాలు రాయడానికి మాకు పట్టిన కాలం, కనుమ దాటడానికి పట్టిన కాలం కంటే ఎక్కువ. చేరిన కిరోసిన్ గురించి మాత్రం ఏ ఆడిటరూ అడగలేదు. ఆ రాత్రి ఆ సుబేదారు తీసుకున్న నిర్ణయాన్ని ఏ మేనేజ్‌మెంట్ కళాశాలా రెండేళ్ళ కోర్సులో నేర్పలేదని నా గట్టి అభిప్రాయం.

ఇక బయటి ఉద్యోగాల సంగతి. హైదరాబాదు శివార్లలోని ఒక గోదాముకు ఇంటర్వ్యూకు వెళితే, నా మనవడి వయసున్న అధికారి ఫలానా సాఫ్ట్‌వేర్ వచ్చా అని మాత్రమే అడిగి, చివరికి సెక్యూరిటీ సూపర్‌వైజరు పోస్టు ఇస్తానన్నాడు. మాజీ సైనికుడు కనబడితే గేటు దగ్గర నిలబెట్టాలనిపించడం మన కంపెనీలకు పట్టిన జబ్బు. ఆ గోదాములోనే, ముందు దింపవలసిన సరుకును లారీలో అందరికంటే లోపల పెట్టడం నా కళ్ళతో చూశాను.

అగ్నివీరులకు నాలుగేళ్ళే గడువు, వారిలో గరిష్ఠంగా 25 శాతం మందికే ఆ తరువాత కొనసాగింపు ఉంటుంది. కాబట్టి మీ తమ్ముడు మొదటి ఏడాది నుంచే స్టోర్స్ లెక్కలను కంప్యూటర్‌లో చేయడం నేర్చుకోవాలి, అవకాశం దొరికితే భారీ వాహనాల లైసెన్సు సంపాదించుకోవాలి. ఉద్యోగ దరఖాస్తులో "ఎంటీ డ్యూటీ" (సైనిక వాహనాల పని) అని రాస్తే బయట ఎవరికీ అర్థం కాదు. రహస్యం కాని మేరకు, ఎలాంటి బండ్లు, ఎలాంటి సరుకు, దారిలో నష్టం ఎలా తగ్గించాడు అన్నది వివరంగా రాయమనండి. సెక్యూరిటీ పోస్టు ఇస్తామంటే మర్యాదగా వద్దని చెప్పి, డిస్పాచ్ విభాగంలో ఖాళీ ఉందేమో అడగమనండి.