గాయపడ్డ సైనికుడు రిజర్వ్ ట్రైనింగ్‌లో ఎదురైతే

ఒక తమ్ముడి సందేహం: "అన్నా, గ్రీన్ కార్డ్ వచ్చాక అమెరికా ఆర్మీ రిజర్వ్‌లో (వేరే పని చేసుకుంటూ అప్పుడప్పుడూ శిక్షణకు వెళ్లే పార్ట్‌టైం సైన్యం) చేరాను. మాకు క్లాసు చెప్పడానికి వచ్చే రిటైర్డ్ సార్జెంట్‌కి ఒక కాలు లేదు, పెట్టుడు కాలుతో నడుస్తాడు. ఆయన ఎదురైతే ఎటు చూడాలో, ఏం మాట్లాడాలో తెలియడం లేదు."

తమ్ముడూ, ముఖంలోకి చూసి "గుడ్ మార్నింగ్, సార్జెంట్" అను. అలవాటు కొద్దీ మనం అందరినీ "సర్" అంటాం. ఆర్మీలో ఆ పిలుపు ఆఫీసర్లకే. రిటైరైనా సరే, సార్జెంట్‌ని సార్జెంట్ అంటేనే ఆయనకు గౌరవం.

ఆ తర్వాత ఆయన చెప్పే పాఠం శ్రద్ధగా విను. నేను రిజర్వ్‌లో ఉన్నప్పుడు ఏటా జరిగే రెండు వారాల శిక్షణకు ఒకసారి విస్కాన్సిన్‌లోని ఫోర్ట్ మెకాయ్ వెళ్లాం. అక్కడ మాకు టూర్నికే (రక్తం ఆగేలా చేతికో కాలికో బిగించే పట్టీ) కట్టడం నేర్పినాయనకు ఇరాక్‌లో రోడ్డు పక్క బాంబు పేలి మోకాలి కింద కాలు పోయింది. గాయానికి రెండు మూడు అంగుళాల పైన కట్టాలి, కీలు మీద కట్టకూడదు, రక్తం ఆగేదాకా బిగించాలి, కట్టిన టైం రాసిపెట్టాలి. ఇవన్నీ పుస్తకంలో ఉన్నవే. కానీ అది బిగిస్తుంటే నొప్పి భరించలేక తాను వద్దని బతిమాలానని, పక్కనున్నవాడు వినకుండా బిగించాడు కాబట్టే ఈ రోజు మా ముందు నిలబడ్డానని ఆయన చెప్పాడు. ఆ మాట విన్నాక మాలో ఒక్కరూ పట్టీ వదులుగా కట్టలేదు. ఆయన దగ్గర నువ్వు తీసుకోవాల్సింది ఇలాంటి చదువు. జాలి చూపించే చోటు కాదది.

మన ఊళ్లో దెబ్బ తగిలినవాణ్ణి "ఎలా జరిగింది?" అని అడగడం ఆప్యాయతే. ఇక్కడ అడగొద్దు. ఆ ఘటనలోనే ఆయన స్నేహితుడు పోయి ఉండొచ్చు. యుద్ధంలో ఎవరినైనా చంపారా అన్న ప్రశ్న అసలే వద్దు. తనంతట తాను చెబితే మాత్రం అడ్డు తగలకుండా విను. మెట్ల దగ్గర చెయ్యి పట్టుకునే ముందు సాయం కావాలా అని అడుగు, వద్దంటే వదిలెయ్. పర్పుల్ హార్ట్ పతకం చూసి కంగ్రాట్స్ చెప్పకు, అది శత్రువు చేతిలో గాయపడినందుకు, ప్రాణం పోయినందుకు ఇచ్చేది. మే చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే చనిపోయినవాళ్లది, ఆ రోజు "హ్యాపీ" అన్న మాట నోట రాకూడదు. నవంబర్ 11న వెటరన్స్ డే, ఆయనకు మనసారా థాంక్స్ చెప్పాల్సిన రోజు.

పైకి కనపడని గాయాలూ ఉంటాయి. జులై 4న టపాసుల చప్పుడుకే వణికిపోయేవాళ్లున్నారు. నీ తోటివాళ్లలో ఎవరైనా బతకాలని లేదన్నట్టు మాట్లాడితే ఒంటరిగా వదలకు. 988కి ఫోన్ చేసి 1 నొక్కితే సైనికుల కోసమే పెట్టిన హెల్ప్‌లైన్ వస్తుంది, రాత్రీ పగలూ పలుకుతారు.

ఇంకా చేరని తమ్ముళ్లూ చెల్లెళ్లూ, మీకూ ఒక మాట. హెచ్‌1బి మీద ఉన్నవాళ్లను తీసుకోరు, గ్రీన్ కార్డ్ ఉండాలి. "నెలకో వీకెండ్, ఏడాదికి రెండు వారాలు" అని వింటే తేలిగ్గానే అనిపిస్తుంది. ఇరాక్‌కీ అఫ్గానిస్తాన్‌కీ రిజర్వ్ సైనికులు కూడా వెళ్లారు. మొదటిసారి చేరేవాళ్లకు మొత్తం బాధ్యత మామూలుగా 8 ఏళ్లు, అందులో కొంతకాలం డ్రిల్ (నెలనెలా జరిగే శిక్షణ) లేకపోయినా డ్యూటీకి పిలుపు రావచ్చు. అందుకే వీలైతే అలాంటి సార్జెంట్‌నే కలిసి, చేరేముందు తనకు ఏం తెలిసి ఉంటే బాగుండేదో అడగండి. గాయం గురించి అడగకూడదు గానీ, ఈ ప్రశ్న అడగొచ్చు. రిక్రూటర్ చెప్పని సంగతులు ఆయన చెబుతాడు.

మన ప్రభుత్వం వైపు నుంచి ఇంకొకటుంది. విదేశీ సైన్యంలో పనిచేస్తున్నవాళ్లకూ, రిటైరైనవాళ్లకూ ఓసీఐ కార్డు (భారత సంతతి విదేశీ పౌరులు వీసా లేకుండా ఇండియా రావడానికి ఇచ్చేది) ఇవ్వరని భారత ప్రభుత్వ నిబంధన. రేపు అమెరికా పౌరసత్వం తీసుకున్నాక, ఊళ్లో పెద్దవాళ్లను చూడ్డానికి వెళ్లాలంటే వీసా అడగాల్సి వస్తుంది. ఇంట్లోవాళ్లతో, అమ్మానాన్నలతో ఈ సంగతి సంతకానికి ముందే మాట్లాడండి.