శుశ్రూషలో వినికిడి

ప్రశ్న: ‘శుశ్రూష’కు ‘వినాలనే కోరిక’ అని నిఘంటువులో అర్థం కనిపించింది. రోగికి చేసే సేవకూ, వినడానికీ పొత్తు ఎలా కుదిరింది?

జవాబు: ‘శ్రు’ అనే సంస్కృత ధాతువుకు వినడమని అర్థం, శ్రవణం, శ్రోత, శ్రుతి దాని నుంచి పుట్టినవే. ధాతువుకు ‘సన్’ ప్రత్యయం చేరితే మొదటి అక్షరం రెట్టించి, ఆ పని చేయాలనే కోరికను తెలిపే రూపం ఏర్పడుతుంది. ‘శ్రు’ నుంచి అలా ఏర్పడిందే శుశ్రూష. జిజ్ఞాస (తెలుసుకోవాలనే కోరిక), పిపాస (తాగాలనే కోరిక), బుభుక్ష (తినాలనే కోరిక) ఆ కోవలోవే. గురువు చెప్పేది వినగోరే శిష్యుడు ఆయన మాట జవదాటకుండా, కనిపెట్టుకొని ఉండి పరిచర్య చేసేవాడు గనుక, వినాలనే కోరికను తెలిపే మాటే క్రమంగా సేవకు, ఆపైన రోగికి చేసే ఉపచారానికి పేరైంది. కాబట్టి ‘క్షతగాత్రులకు శుశ్రూష చేశారు’ అన్న వాడుక నిర్దుష్టమే. మంచి సేవ కదా అని ‘సు’ తగిలించి ‘సుశ్రూష’ అని రాయడం మాత్రం తప్పు. ప్రాచీన శస్త్రవైద్యుడు సుశ్రుతుడి పేరులో ఉన్నది నిజంగా ‘సు’ ఉపసర్గే. ధాతువు ఒక్కటే అయినా నిర్మాణం వేరు.