గాలి మాత్రం తీయనివ్వకు

చి. ల. సౌ. మాధవికి,

పెద్దమ్మ ఆశీస్సులు. నువ్వు పంపిన ఫొటో చూశాను. ఆ కారాయన బంపరుని మీ గేటుకి ఆనించినంత పని చేసిపోయాడు. అల్లుడు టైర్లలో గాలి తీసేస్తానంటున్నాడని రాశావు. ఆ పని మాత్రం చేయనివ్వకు. గాలి తీస్తే ఆ కారు ఇంక కదలదు కదా! అరగంటలో పోయేది సాయంత్రం దాకా మీ గేటు ముందే కూర్చుంటుంది. పైగా ఇప్పుడు ఏ సందులో చూసినా కెమెరాలే. ఒకరి బండిని కావాలని పాడుచేస్తే భారతీయ న్యాయ సంహిత 324వ సెక్షన్ కింద ఆర్నెల్ల జైలు దాకా పోతుంది. దారికి అడ్డం పెట్టినవాడికి పడేది జరిమానా మాత్రమే. న్యాయం మీ వైపు, కేసు మీ మీద! గీతలు గీయడం, అద్దాలు విరవడం లాంటివి కూడా అల్లుడు మనసులో పెట్టుకుని ఉంటే మాన్పించు.

నేను కాలనీ అసోసియేషన్ కార్యదర్శిగా ఉన్నన్నాళ్ళూ నీళ్ళ గొడవలకంటే ఈ గేటు గొడవలే ఎక్కువ వచ్చేవి. మా చైతన్యపురిలో హాస్టళ్ళు, కోచింగ్ సెంటర్ల మధ్య ఇల్లుంటే ఇంకేం ఉంటుంది! అప్పుడు నాకు తెలిసొచ్చింది ఒకటే. కారు రోజుకొకటి మారుతుంది గానీ ఆ కార్లను తెచ్చే చోటు మారదు. కారు మనిషితో పోట్లాడితే ఆ పూటకి తీరుతుంది. ఆ చోటు చూసుకునేవాళ్ళతో మాట్లాడుకుంటే చాలాకాలం హాయిగా ఉంటుంది. మీ సందు మొదట్లో డయాగ్నస్టిక్ సెంటరు, వెనక రోడ్డులో ఫంక్షన్ హాలు ఉన్నాయన్నావు. నీ బాధలో ముప్పాతిక వంతు అక్కడినుంచే వస్తోంది.

ఆ సంగతి తర్వాత. ముందు, పొద్దున్నే ఆఫీసుకి టైమైపోతుంటే గేటు ముందు కారు కనపడినప్పుడు ఏం చెయ్యాలో చెప్తాను. హారన్ మోగిస్తూ నిలబడకు. దానివల్ల వీధంతా లేస్తుంది, కారు మనిషి తప్ప. ముందు అద్దం వెనక డ్యాష్‌బోర్డు మీద ఫోన్ నంబరు ఉందేమో చూడు, ఈ మధ్య చాలామంది రాసి పెడుతున్నారు. కొన్ని కార్లకి క్యూఆర్ కోడ్ స్టిక్కరు ఉంటుంది, స్కాన్ చేస్తే ఓనరుకి కబురు వెళ్తుంది. అవేవీ లేకపోతే మిగతా స్టిక్కర్లు చదువు. అపార్ట్‌మెంట్ పేరో, కంపెనీ పేరో, డాక్టర్ గుర్తో ఏదో ఒకటి ఉంటుంది. ఆ తర్వాత ఇస్త్రీ బండి అతన్ని అడుగు. ఏ కారులోంచి ఎవరు దిగి ఎటు వెళ్ళారో వీధిలో అతనికి తెలిసినట్టు ఎవరికీ తెలియదు. పండగకి అతని చేతిలో నాలుగు రూపాయలు పెట్టడం ఊరికే పోదు.

ఎంపరివాహన్ అనే ప్రభుత్వ వాహనాల యాప్‌లో బండి నంబరు కొడితే ఓనరుకి ఫోన్ చేయొచ్చని నీకెవరో చెప్పారట. అందులో బండి మోడల్, ఇన్సూరెన్స్ వివరాలు వస్తాయి గానీ ఫోన్ నంబరు రాదు. దానితో కుస్తీ పట్టి టైము పాడుచేసుకోకు.

నంబరు దొరికితే నువ్వే మాట్లాడు, అల్లుడికివ్వకు. ‘ఎవడయ్యా నువ్వు’ అని మొదలైతే అవతలివాడు పది నిమిషాల్లో వచ్చేది అరగంట చేస్తాడు. ‘అండీ, మీ బండి మా గేటు ముందు ఉంది, నేను ఆఫీసుకి వెళ్ళాలి, ఒక్కసారి తీస్తారా’ అను చాలు. మనసులో ఎన్ని తిట్టుకున్నా పరవాలేదు. బండి కదిలాక కూడా క్లాసు పీకకు. ఆ మనిషి రేపు మళ్ళీ వచ్చేది మీ సందుకే.

ఈలోపు రెండు ఫొటోలు తీసి పెట్టుకో. ఒకదాంట్లో నంబరు ప్లేటు, మీ గేటు రెండూ కలిసి పడాలి. ఉత్త ప్లేటు ఫొటో పంపితే కారు ఎక్కడుందో, దేనికి అడ్డమో ఎవరికి తెలుస్తుంది? పావుగంట చూసి ఎవరూ రాకపోతే 100కి ఫోన్ చెయ్యి. పెట్రోలింగ్ వాళ్ళకి ఓనరు వివరాలు తెలుసుకునే దారి ఉంటుంది, వాళ్ళ నోటి నుంచి ఒక్క ఫోన్ వెళ్తే కారు కదులుతుంది. క్రేన్ వస్తుందని ఆశ పెట్టుకోకు. అది మెయిన్ రోడ్ల మీద తిరిగినంతగా మన సందుల్లోకి దూరదు. మీ మావయ్యగారికి గుండె జబ్బు కాబట్టి ఒక మాట. ఆయనకి బాగాలేనప్పుడు ఈ పావుగంట లెక్కలేవీ పెట్టుకోకు. వెంటనే 108కి చేసి, ఇంకొకరితో 100కి చేయించు, ఆయన్ని వీల్‌చెయిర్‌లో సందు మొదటికి తీసుకెళ్ళిపో.

చట్టం సంగతి అడిగావు. ఇంటి ముందు రోడ్డు మనది కాదు, ఎన్నేళ్ళ నుంచి ఉంటున్నా కాదు. గోడ వెంబడి ఎవరైనా కారు పెట్టుకుంటే మనం కిక్కురుమనడానికి లేదు. కానీ గేటు వేరు. ఇళ్ళ ప్రవేశానికి అడ్డంగా బండి నిలపకూడదని రోడ్డు నిబంధనల్లోనే ఉంది. మోటారు వాహనాల చట్టం 127వ సెక్షన్ ప్రకారం, పార్కింగ్ నిషేధించిన చోట పెట్టిన బండినైనా, బహిరంగ స్థలంలో పది గంటలకి మించి వదిలేసిన బండినైనా యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి తీయించెయ్యొచ్చు, ఆ లాగుడు ఖర్చు ఓనరే కట్టాలి. దారికి అడ్డం కలిగిస్తే న్యాయ సంహిత 285 కింద 5000 రూపాయల దాకా జరిమానా వేయొచ్చు. ఇవన్నీ ధైర్యం కోసం తెలుసుకో. గేటు దగ్గర నిలబడి సెక్షన్లు అప్పజెప్పకు. అవతలివాడి బావమరిది లాయరే అయ్యుంటాడు.

ఇప్పుడు ఆ డయాగ్నస్టిక్ సెంటరు. అక్కడికి పొద్దున ఆరున్నర నుంచి తొమ్మిదిన్నర దాకా పరగడుపున రక్తం ఇచ్చే పేషెంట్లు వస్తారు. ముసలివాళ్ళని దింపడానికి వచ్చిన కొడుకు అయిదు నిమిషాలే కదా అని మీ గేటు ముందు పెడతాడు. అతన్ని ఏమనగలం? మేనేజర్ని పట్టుకో. అతనికి సందులో గొడవ అక్కర్లేదు, పేషెంట్లు పోతారు. పొద్దున మూడు గంటలూ సెక్యూరిటీ మనిషిని సందు మొదట్లో నిలబెట్టమను, రిసెప్షన్‌లో బండి నంబరు రాసుకోమను, నీ ఫోన్ వస్తే వాళ్ళే లోపల పేరు పెట్టి పిలవాలి. నోటిమాటగా వదిలేయకుండా, ఎదురింటివాళ్ళతో కూడా సంతకం పెట్టించి ఒక కాగితం ఇవ్వు. ఒంటరిగా వెళ్తే సణుగుడు కింద లెక్క, నలుగురు సంతకం పెడితే అర్జీ.

ఫంక్షన్ హాలు కథ వేరు. ఇప్పుడు ఆషాఢం కాబట్టి మీకు ప్రశాంతంగా ఉంది. శ్రావణం వచ్చిందంటే చూస్కో. ముహూర్తం ఉన్న రాత్రి వాలెట్ కుర్రాళ్ళు, అంటే అతిథుల తాళాలు తీసుకుని పార్కింగ్ చేసేవాళ్ళు, కార్లన్నీ తెచ్చి చుట్టుపక్కల సందుల్లో కుక్కుతారు. అప్పుడు హాల్లోకి వెళ్ళి కారు ఎవరిదని వెతకొద్దు. వచ్చినాయన భోజనాల బంతిలో ఉంటాడు, తాళం ఆయన దగ్గర ఉండదు, బయట వాలెట్ బల్ల మీద బోర్డుకి వేలాడుతుంటుంది. నేరుగా అక్కడికి వెళ్ళి బండి నంబరు చెప్పు. అసలు ఇంకా మంచిది, హాలు మేనేజరు నంబరు ఇప్పుడే, ఖాళీగా ఉన్నప్పుడే సంపాదించడం. పంచాంగం క్యాలెండర్‌లో ముహూర్తాలు చూసి ముందురోజు ఒక మెసేజ్ పడెయ్యి: ‘రేపు మా గేటు దగ్గర ఒక కోన్ పెట్టించండి’ అని. మొదట్లో పట్టించుకోరు. రెండోసారి, మూడోసారి పంపు.

మీ గేటు కూడా చూసుకో. ఫొటోలో గేటు ముందు ఎండుటాకులు, పక్కన రెండు పూలకుండీలు, పైన చీకటి. ఎవరూ వాడని గేటులా ఉంది. కొత్తవాడు చూసి ఈ ఇంట్లో కారు లేదనుకుంటాడు. రోజూ ఊడ్పించి కళ్ళాపి చల్లించు, ముగ్గు వెయ్యి, రాత్రంతా ఒక లైటు వెలగనివ్వు. ‘గాలి తీయబడును’ అని రాసిన రేకు బోర్డులు ఊరంతా ఉన్నాయి, వాటిని చూసి భయపడినవాణ్ణి నేను ఎరగను. దాని బదులు ‘ఈ గేటు నుంచి రోజూ కారు వస్తుంది, అత్యవసరమైతే ఈ నంబరు’ అని పెద్ద అక్షరాలతో గేటు మీదే రాయించు. రోడ్డు మీద మాత్రం రాళ్ళు పాతడం, గొలుసు కట్టడం చేయకు. అది ఆక్రమణ. మీ ర్యాంపు కాలువ దాటి రోడ్డు మీదికి ఎంత వచ్చిందో కొలుచుకో, మున్సిపాలిటీ వాళ్ళు వచ్చినప్పుడు ముందు కొట్టేది అదే.

ఇరుకు సందు కాబట్టి ఇంకో చిట్కా. గేటు ముందు ఖాళీగా ఉన్నా ఎదురు గోడకి కారు పెడితే మీ బండి తిరగదు. దానికి ఎవరినీ తప్పు పట్టలేం. అల్లుణ్ణి రాత్రి వచ్చేటప్పుడే రివర్స్‌లో లోపల పెట్టమను. పొద్దున ముక్కుతో బయటకు వస్తే తక్కువ చోటులో తిరుగుతుంది, అటూ ఇటూ మనుషులు కూడా కనిపిస్తారు.

చివరిది, కష్టమైంది మీ పక్కింటాయన. ఇంటి కింద పార్కింగ్‌కి వదిలిన స్టిల్ట్‌లో షట్టర్లు పెట్టి అద్దెకిచ్చుకుని రెండు కార్లూ రోడ్డు మీద పెడతాడన్నావు. ఆయన మీదికి పోలీసులని పిలవకు. వాట్సాప్ గ్రూపులో ఫొటో అసలే పెట్టకు, పెట్టిన రోజు నుంచి మాటలుండవు. ఆదివారం పొద్దున వాళ్ళావిడ దగ్గరికి వెళ్ళి కూర్చో. గంటలు చెప్పు: ‘వదినా, పొద్దున ఎనిమిది నుంచి తొమ్మిది, సాయంత్రం ఆరు నుంచి ఏడు మాకు గేటు ఖాళీగా ఉంటే చాలు’ అని. ఎప్పుడూ పెట్టొద్దంటే ఎవరూ ఒప్పుకోరు, రెండు గంటలంటే ఒప్పుకుంటారు. ఊరెళ్ళినప్పుడు ఒక కారు తాళం మీ ఇంట్లో ఇచ్చి వెళ్ళమను. అది ఒప్పుకుంటే ఇంక నీకు దిగులే లేదు.

వచ్చే ఆదివారం నేనూ వస్తాను, ఆ మేనేజరు దగ్గరికి కలిసి వెళ్దాం. చైతన్యపురిలో మెట్రో ఎక్కితే కేపీహెచ్‌బీలో దిగుతాను, రైలు మారక్కర్లేదు. స్టేషన్ దగ్గరికి అల్లుణ్ణి స్కూటర్ మీద పంపు.

ఆశీస్సులతో,
పెద్దమ్మ